నీళ్లు దిగటంలా

"నీళ్లు దిగటంలా, సిలారన్నా" అంది ఫోన్లో కొండమ్మ.
కనిగిరిలో ఆ మాటకు రెండర్థాలు.
కుళాయిలోకి దిగకపోతే నా చేతిలో లేదు.
మిషన్లోంచి దిగకపోతే వస్తా.

పామూరు రోడ్డు. రేకుల వరండా.
ఒంగోల్లో సెకండ్ హ్యాండుకు కొన్న మిషను,
దాని గుండ్రటి గాజు వెనక
రాత్రి నించీ నానుతున్న బట్టలు:
ఖాకీ ప్యాంట్లు మూడు, పసుపు జాకెట్టొకటి,
పిల్లోడి బడి సాక్సు.
తెర మీద ఒక అంకె వెలుగుతా ఆరతా ఉంది.
దానికి తెలిసిందల్లా నీళ్లు పోవట్లేదని.
ఆ సంగతి కొండమ్మ నిన్నే చెప్పింది.

నేను వినేది ఇట్లా:
స్క్రూడ్రైవరు మొన రేకుకి,
పిడి చెవెనక ఎముకకి.
నేర్పింది పొదిలి మౌలాలి, ఆయిలింజన్ల మేస్త్రీ.
బావి గట్ల మీద ఇంజన్లకి చెవి ఆనించి బతికినోడు.
బావులెండాయి. ఇంజన్లు పాతినుము కొట్టుకి పోయాయి.
ఆ వినికిడి నాకు మిగిలింది.

బేరింగు పోతే ఎడ్లబండి ఇరుసు ఏడ్చినట్టుంటది.
బెల్టు జారితే పిల్లి.
ఇది ఆ రెండూ కాదు.
పంపు గొంతులో ఏదో అడ్డంపడి
మూసిన నోటితో మూలుగుతా ఉంది.

"నీళ్ల వల్లేనా అన్నా?"
కొంత నీళ్ల వల్లే.
మా పళ్లకి గార పట్టించి, మా పెద్దోళ్ల మోకాళ్లు బిగించిన నీళ్లు
హీటరు కాయిల్ని వదుల్తాయా?
సున్నం అరిసె మందాన పట్టింది దానికి.
అది పాత రోగంలే. ఇవాళ్టిది వేరే.

కింద మూలన చిన్న మూత.
పళ్లెం పెట్టి తిప్పా.
చుక్క రాలా. వేలు పెట్టి కెలికితే
బురదొచ్చింది పిడికెడు పిడికెడు,
సిమెంటు కలిపినట్టు.
రూపాయి బిళ్లలు చూశా, గుండీలు చూశా,
ఒకసారి ముక్కుపుడక కూడా.
ఇది రాయి. పిండైన రాయి.

"మీ ఆయన ఏం పనమ్మా?"
"బోరు బండి మీద. రాడ్లు ఎక్కిస్తాడు."

పళ్లెంలో వేలితో పొరలు విడదీశా.
పైన పలక నలుపు. మార్కాపురం వైపుదా?
"మొన్న అక్కడే. ఎనిమిదొందల అడుగులు."
పడ్డాయా?
"దుమ్ము."
దాని కింద పలుగురాయి మెరుపు.
"వెలిగండ్ల. రెండు బోర్లు."
పడ్డాయా?
సాక్సు పిండతా తల అడ్డంగా ఊపింది.
అడుగున ఎర్రది. అదెక్కడిదో ఇద్దరికీ తెలీలా.

నీళ్లు పడ్డ రోజు మాల్యాద్రి తడిసొస్తాడంట.
పడని రోజు తెల్లగా వస్తాడంట,
జేబుల నిండా, మడతల నిండా, కనురెప్పల మీద కూడా.
ఎవురో రైతు అప్పు చేసి తవ్వించిన గుంత
అడుగుకింతని ఈ పంపులోకొచ్చి కూర్చుంది.

"కొత్త పంపు పన్నెండొందలు. కడిగితే రెండొందల యాభై."
"కడుగు."

పాత టూత్‌బ్రష్షు, నిమ్మఉప్పు, గంట సేపు నా నడుం.
రెక్క వేలితో తిప్పితే తిరిగింది.
కుళాయి తిప్పితే గాలొచ్చింది.
ట్యాంకరు రేపంట.

"పరీక్షకి నీళ్లుండాలమ్మా."
లోపలి బిందె వంక చూసింది. నా వంక చూసింది.
అర బిందె తెచ్చి
సబ్బు అరలోంచి పోసింది, చెంబుతో,
చుక్క పక్కకి పోకుండా.

మళ్లీ స్క్రూడ్రైవరు చెవికి.
ముందు దగ్గు. తర్వాత ఇంకో దగ్గు.
అప్పుడు గొంతు విప్పింది.
గొట్టంలోంచి బూడిద నీళ్లు
కరివేపాకు మొదట్లోకి పోతా ఉంటే
కొండమ్మ వాటి దారికి మట్టి ఎగదోసింది, బయటికి పోకుండా.

"బట్టలు దులిపి వెయ్యి" అన్నా.
"దులిపే వేస్తానన్నా. దులిపితే పోయేదా అది?"

సామాన్లు సంచిలో సర్దుకుంటా ఉంటే
గేటు దగ్గర బండాగింది.
దిగిన మనిషి ముఖం నేను చూళ్లా.
మోకాళ్ల కింద ప్యాంటు చూశా.
కొండమ్మ నాకన్నా ముందే చూసింది.