గుండుకి పది, బద్దకి అయిదు

తుఫాను తీరం దాటిన రాత్రి
టెక్కలి హాస్టల్లో ముందు కరెంటు పోయింది,
తర్వాత నీళ్ళు.
తెల్లారేసరికి ఫోన్లు ఒక్కొక్కటీ కళ్ళు మూసేయి.

అప్పటిదాకా పదకొండో నంబరు గదిలో నలుగురం
ఎవరి ఆట వాళ్ళం ఆడుకునేవాళ్ళం.
దుప్పటి ముసుగులో పోకరు.
ఎదటోడిది ఏ ఊరో తెలీదు,
ఓ బొమ్మా, ఓ మారుపేరూ.
గెలిస్తే మంచం కిర్రుమనేది.
ఓడితే చప్పుడుండేది కాదు.
ఆ చప్పుడు లేకపోవడం నాకు బాగా తెలుసు.

మూడో రోజు వాచ్‌మన్ సింహాచలం
ఖాకీ చొక్కా లోపల్నించి పేక తీసేడు.
"వార్డెన్‌కి సెప్పీకండి, ముక్కలు మడతెట్టీకండి."
అందులో ఆఠీను ఏడు లేదు.
దాని బదులు ఎవరిదో పాత బస్‌పాసు,
మెళియాపుట్టి నించి టెక్కలి,
ఫొటోలో పిల్ల సగం చెరిగిపోయి నవ్వుతోంది.
ఎవరి చేతికొచ్చినా వెనకనుంచే తెలిసిపోయేది.
దాన్ని పట్టుకుని బ్లఫ్ చెయ్యడం
దేవుడి తరం కాదు.

పందెం కాయడానికి డబ్బుల్లేవు,
ఏటీఎమ్ కూడా చీకట్లోనే ఉంది.
ఢిల్లేశు సంచి విప్పేడు.
కాశీబుగ్గ నించి వాళ్ళమ్మ పంపిన జీడిపప్పు.
గుండుకి పది, బద్దకి అయిదు,
ముక్కకి ఒకటి,
నూక లెక్కలోకి రాదు.

కొవ్వొత్తి చుట్టూ నేలమీద
మొదటిసారి ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.
మంచి ముక్క పడితే సవర జయరాజుకి చెవులు కదుల్తాయని
రెండేళ్ళు ఒకే గదిలో ఉండీ
ఆ రాత్రే కనిపెట్టేను.
ఖగేశ్వర్రావు రాజుని చూస్తే గుటకేస్తాడు,
ఆసుని చూస్తే అమాయకంగా
టైమెంతయిందిరా అంటాడు.

అయిదో రాత్రి పెద్ద ఆట.
మధ్యలో కుప్ప, మూడొందల దాకా ఉంటుంది.
ఖగేశ్వర్రావు ఫ్లష్ అన్నాడు, ఎవరం నమ్మలేదు, ఉంది.
గెలిచిందంతా దోసిట్లోకి లాక్కుని
ఒక్కసారే నోట్లో పోసేసుకున్నాడు.
బుగ్గలుబ్బి, కళ్ళనీళ్ళొచ్చి,
"బేంకు మింగీసేన్రా" అన్నాడు.
నవ్వి నవ్వి కొవ్వొత్తి ఆర్పేసుకున్నాం.

చీకట్లో ఢిల్లేశు గొంతు:
"కిలో పప్పు ఒలిస్తే మాయమ్మకెంతిస్తారో
సెప్పండ్రా సూద్దాం."

అదీ ఆటే అనుకున్నాం.
జయరాజు ఓ అంకె అన్నాడు. "ఎక్కువ."
నేను సగం చేసేను. "ఎక్కువే."
ఖగేశ్వర్రావు ఇంకా నమలుతూనే
అందులో సగం అన్నాడు.
"ఎక్కువేరా."
పాట పైకి పోవడమే తెలిసినవాళ్ళం,
అంత కిందికి ఎప్పుడూ పాడలేదు.
ఆఖరికి ముగ్గురమూ ఫోల్డ్.
వాడు మాత్రం ముక్క తిప్పి చూపించలేదు.

అగ్గిపుల్ల గీస్తే
వాడి చెయ్యి కనిపించింది.
సెలవుల్లో వాడూ కూర్చుంటాడట పిక్కలు కొట్టడానికి.
జీడిసొన కాల్చిన వేళ్ళు, నల్లగా.
ఇన్నాళ్ళూ బైకు గ్రీజనుకున్నాను.
"సిగ్గులేదా జీడిపిక్కా అంటే
నల్లదాన్ని నాకేటి సిగ్గందట" అని వాడే అనేసి
పేక కలిపేడు.
ఆ వేళ్ళ సందుల్లోంచి ముక్కలు జలజలా జారేయి
ఒక్కటీ మడత పడకుండా.

పదో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది.
ముందు ఫ్యాను తిరిగింది, మెల్లగా,
పరిచున్న ముక్కలు లేచి మంచంకింద దూరేయి.
తర్వాత ఫోన్లు, వరసగా నాలుగు.
మీకోసం బోనస్ ఎదురుచూస్తోంది అంది నాది.
ఎవరి గోడకి వాళ్ళం తిరిగేం.

ఆ సెమిస్టరు పరీక్ష ఫీజు అప్పటికే అందులో పోగొట్టి ఉన్నాను.
ఇంట్లో కట్టేసేనన్నాను.
నాకు చెవులు కదలవు.
ఓ రాత్రి దుప్పట్లో లెక్క వెయ్యబోయేను,
ఆ డబ్బుకి ఎన్ని కిలోలు ఒలవాలో.
పోయింది ఎంతో తెలుసు. భాగించడానికి అంకె లేదు.
పక్కమంచం మీద ఢిల్లేశు మేలుకునే ఉన్నాడు.
అడగొచ్చు.
అడిగితే ఎందుకని అడుగుతాడు.

సింహాచలం పేక తీసుకెళ్ళేటప్పుడు
లెక్కపెట్టుకోలేదు.
బస్‌పాసు పిల్ల నా పర్సులోనే ఉండిపోయింది.
తిప్పి పెట్టేను.
అయినా ఏ ముక్కో తెలిసిపోతుంది.