అరవై ఎనిమిది దగ్గర

అరవై ఏడులో ఏమీ ఉండదు.
డెబ్బై రెండు దాటితే మళ్లీ ఏమీ ఉండదు.
ఆ నడుమ కాసేపే
కారు నడుము పట్టుకుని ఎవరో కుదుపుతున్నట్టు
సీటు కింద రొద.
"పిల్లి గురగుర లాంటిది" అన్నాడు గోచా.
"పిల్లి కాదు, తేనెపట్టు. నా దవడ పళ్లదాకా వస్తుంది"
అంది అతని పెళ్లాం, కారు దిగకుండానే.

త్బిలిసీలో పాత విడిభాగాల బజారు వెనక
ఇనుప రేకుల షెడ్డు మాది.
మేస్త్రీ జుంబెర్ జబ్బు పేరు అడగడు,
వేళ అడుగుతాడు:
తొక్కితేనా, వదిలితేనా?
ఎత్తు ఎక్కుతుంటేనా?
న్యూట్రల్‌లో జారనిస్తే ఉందా, పోయిందా?

జారనిచ్చాం. ఉంది.
ఇంజిన్ మీద నేరం కొట్టేశాం.
చక్రాలు నాలుగూ వేరే బండివి తగిలించాం. ఉంది.
ఇక మిగిలింది
గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసు దాకా
పొట్ట కింద గిర్రున తిరిగే ఆ పొడుగాటి షాఫ్టే.
నడిమి బేరింగుకు కొత్త రబ్బరు వేశాం,
పాతది ఎండిన రొట్టెలా విరిగి చేతిలోకొచ్చింది.
సగం తగ్గింది.
సగం తగ్గిన నొప్పి ఎక్కువ విసిగిస్తుంది.

బండిని స్టాండ్ల మీదికెత్తి
వెనక చక్రాలు గాలిలో తిప్పుతూ
మేస్త్రీ కింద పడుకున్నాడు,
చేతిలో సుద్దముక్క,
ఊపిరి బిగబట్టి, తాకీ తాకనట్టు.
బరువున్న వైపే ముందుకొచ్చి
సుద్దను నాకి వెళ్తుంది.
దొంగ తానే వేలిముద్ర వేసినట్టు
నల్లటి గొట్టం మీద బెత్తెడు తెల్ల గీత.

దానికి ఎదురువైపు రెండు హోస్ క్లిప్పులు.
మరల తలలు పక్కపక్కన పెడితే బరువెక్కువ,
దూరం జరిపితే తక్కువ.
మొదటిసారి ఇంకా ముదిరింది.
రెండోసారి డాష్‌బోర్డు మీద నాణెం ఆడటం మానింది,
నా పెన్సిలు మాత్రం ఆడుతూనే ఉంది.
అయిదోసారి చినుకులు మొదలయ్యాయి.
ఏడోసారి, వేలెడు జరిపాక,
రుస్తావీ రోడ్డు మీద
అరవై ఎనిమిది
ఉత్త అంకె అయిపోయింది.

పద్దెనిమిదేళ్ల గొడవ
చారెడు పొద్దుతిరుగుడు గింజల ఎత్తు లేదు.
మేస్త్రీ ఆ గింజలే నములుతూ
పొట్టు కిటికీలోంచి ఊశాడు.

వారానికి గోచా మళ్లీ వచ్చాడు.
బాగానే ఉందట. డబ్బులూ ఇచ్చాడు.
అయినా వెళ్లడు, టోపీ వేళ్ల మీద తిప్పుతాడు.

ఇన్నాళ్లూ ఆ వేగంలో
అద్దం అదిరి వెనక సీటు అలికేసినట్టుండేదట,
ఎవరెక్కినా ఒకటే మరక.
నిన్న విమానాశ్రయం నుంచి ఒకావిడ.
చేతిసంచీ కూడా లేదు.
"అద్దంలో నిలకడగా కనబడింది, జుంబెర్.
పైగా ఆపుకుంటోంది. ఆ ఆపుకోవడం వినబడింది.
ఇంతకుముందు ఎంతమందిని అలా దించేసి వచ్చానో."

కాసేపాగి అడిగాడు:
"ఆ క్లిప్పు ఒక్క మిల్లీమీటరు
వెనక్కి తిప్పలేవా?"

మేస్త్రీ ఏమీ అనలేదు.
అట్టముక్క పరుచుకుని కిందికి జరిగాడు.
స్క్రూడ్రైవరు రెండుసార్లు కిర్రుమంది.
ఎటువైపు తిప్పాడో నాకు కనబడలేదు.
బయటికొచ్చి చేతులు తుడుచుకుని
"బిగువుగానే ఉన్నాయి" అన్నాడు.