పేరు లేని గడి

పర్లాకిమిడిలో వాన వెలిసిన మధ్యాహ్నం
సుభద్రమ్మ నా బల్ల మీద రెండు ఫైళ్ళూ ఒక విజిటింగ్ కార్డూ పెట్టి
"ఎవరికిద్దామో మీరే చెప్పండి గుమాస్తాగారూ" అంది.
ఇరవయ్యారేళ్ళుగా జీడిపిక్కల లెక్క రాసిన చేతికి
ఆ చేతిని ఇంటికి పంపేవాళ్ళని
ఎంచే పని.

మొదటి వాళ్ళు విశాఖ నుంచి కారులో వచ్చారు.
గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తుంటే
కరెంటు పోయింది, కాసేపు గోడనే చూశాం.
వందమంది ఇంజనీర్లట.
మా ఊరి పేరు మూడుసార్లు, మూడు రకాలుగా పలికారు.
పదమూడో పేజీ అడుగున
చీమ కాళ్ళంత అక్షరాల్లో ఒక మాట:
విడిపోతే లెక్కలన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి.
వాళ్ళ పాత ఖాతాదారు, టెక్కలి రైసుమిల్లాయనకి ఫోన్ చేశాను.
"మంచివాళ్ళే..." అన్నాడు.
ఆ "ఏ" దగ్గర కొంచెం ఆగాడు.
ఆ ఆగడాన్ని కూడా ఫైల్లో రాసుకున్నాను.

రెండో వాళ్ళు భువనేశ్వర్. రానేలేదు.
పోస్టులో ఫైలు, ఫోన్‌లో ధర.
నేను బేరమాడకుండానే సగం తగ్గించారు.
నీళ్ళలో తేలే పిక్కని మా ఆడవాళ్ళు
కొట్టరు. పక్కన పడేస్తారు.

మూడో వాళ్ళు ఇద్దరే.
మందుల షాపు మేడ మీద ఆఫీసు:
జ్యోత్స్నారాణి పాఢీ, సన్నపల కూర్మారావు.
ఫైలు తేలేదు. పొద్దున్న ఆరింటికే
పిక్కలు కొట్టే షెడ్లో ఆ పిల్ల పీటేసుకు కూచుంది.
జీడి చమురంటి వేళ్ళు నల్లబడితే
"ఇదెలా పోద్ది అప్పా?" అని నవ్వింది గాని లేవలేదు.
తర్వాత నా పుస్తకం తిరగేసింది.
"సబిత, సవిత, సొబిత. ముగ్గురా?"
"ఇద్దరమ్మా. మూడోది ఒడియా మేస్త్రి నోట్లో మొదటిదే."
"కరెంటు లేనప్పుడు తూకం ఎవరి మాట?"
"నాదే."
అప్పుడు వేలు పెట్టి
"ఈ ఎర్రచుక్క ఏటి?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
విశాఖ వాళ్ళు ఇంకు మరకనుకున్నారు.
పసిబిడ్డని చంకనేసుకుని వచ్చిన మనిషి పేరు పక్కన
పెట్టే చుక్క అది.
ఆ రోజు ఆమె తీసిన పప్పుకి
పావుకిలో ఎక్కువ రాస్తాను.
దొంగతనమే అనండి. నేననుకోలేదు.
ఎవరికీ చెప్పనూ లేదు.

చెప్పి తలెత్తితే
తలుపు దగ్గర సుభద్రమ్మ.
ఆ పిల్ల నన్ను చూసింది, ఆవిణ్ణి చూసింది.
"ఉంచమంటే ఉంచుతాం, తీసెయ్యమంటే తీసేస్తాం.
అడక్కుండా మాత్రం ఏదీ చెయ్యం" అంది మెల్లగా.

సుభద్రమ్మ చాలాసేపు పిక్కల గుట్ట వైపు చూసింది.
ఇరవయ్యారేళ్ళ పావుకిలోలు కూడుకుంటోందేమో,
ఆవిడకి నోటిలెక్క బాగా వచ్చు.
"ఉంచండి" అంది చివరికి.
"ఆ గడికి పేరు మాత్రం పెట్టకండి."

ఒప్పందం రెండే పేజీలు. లెక్కలు మావి, ప్రోగ్రామూ మాదే.
డబ్బు మూడు విడతలు,
ఆఖరిది పిక్కల కాలం దాటాక.

మొదటి శనివారమే తప్పొచ్చింది.
సబిత, సవిత ఒక్కరైపోయారు,
ఇద్దరి కూలీ ఒకరికే పడింది.
నేను ఫోన్ తీసేలోపు అదే మోగింది.
"తప్పు మాదే గుమాస్తాగారూ. కూర్మారావు బయల్దేరాడు."
బయట వాన. మహేంద్రతనయ వంతెన దాకా నీళ్ళు.
తడిసి ముద్దై వచ్చాడు.
రెండో టీ చల్లారేసరికి
సవిత కూలి సవితకి చేరింది.

కంప్యూటర్ ముందు కుర్చీ ఇప్పటికీ నాదే.
చూపుడువేలొక్కదానితో కొడతాను, నిదానం.
పేరు, తూకం, రేటు, మొత్తం,
ఆ చివర ఒక గడి,
పైన ఏమీ రాసి లేదు.
నిన్న సుంబారి గొమాంగో
మూడు నెలల బిడ్డతో పనిలోకొచ్చింది.
ఒక్కసారి నొక్కాను.
ఎర్రగా వెలిగింది.