ఒకటి రెండు చోట్ల

రాత్రి డ్యూటీ దిగే ముందు
బులెటిన్ తెలుగు చేయడం నా పని.
పదిహేడేళ్లుగా అవే మాటలు,
సోలతో బియ్యం కొలిచినట్టు కొలిచి పోస్తాను:
కోస్తాలో ఒకటి రెండు చోట్ల
ఉరుములతో కూడిన జల్లులు పడే అవకాశం.
గంటకు నలభై నుంచి యాభై కిలోమీటర్ల ఈదురుగాలి.
ఉక్కపోత కొనసాగును.

ఆ చివరి ముక్కకి ఏ యంత్రమూ అక్కర్లేదు.
జాకెట్టు వీపుకి అంటుకుని చెబుతుంది.

రోహిణిలో రోళ్లు పగులుతాయన్నవాడు
విశాఖపట్నం వచ్చి ఉండడు.
ఇక్కడ రోలు పగలదు, చెమట పడుతుంది.
డబ్బాలో ఉప్పు నీరవుతుంది,
అగ్గిపుల్ల మూడోసారికీ అంటుకోదు,
మా బీరువా తలుపు ఉబ్బిందంటే
మళ్లీ దసరాకే మూసుకోవడం.
సింహాచలం అప్పన్న నయం,
ఒక్కరోజు చందనం వలిపించుకుని
ఆ రాత్రికే మళ్లీ పూయించుకున్నాడు.
మాకు చెమటకాయల పౌడరే పూత.

బులెటిన్ అడుగున ఇంకో వాక్యం ఉంటుంది:
మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.
ఎవరెళ్తున్నారు?
వేట నిషేధంలో బోట్లన్నీ హార్బర్లో
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
జూన్ సగందాకా తాళ్లకు కట్టేసి ఉన్నాయి.
అయినా రాస్తాను.
రాయకపోతే, వీళ్లు నన్ను మర్చిపోయారని
సముద్రం అనుకుంటుందేమో.

పొద్దున్న ఆరుంబావుకి
జాలరిపేట మీదుగా నడిచి దిగుతాను.
గరికిన కన్నమ్మ అప్పటికే
నీలం టార్పాలిన్ పరిచి
నెత్తళ్లు ఆరబోస్తూ ఉంటుంది.
వాసన ముందొస్తుంది, తర్వాత ఆవిడ.

"ఏటమ్మా, ఇయ్యాల పడతాదా?"

"ఒకటి రెండు చోట్ల."

"ఆ రొండూ ఏటేటో చెప్పేసీ,
మూడోకాడ ఆరేసుకుంతాను."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
మా గోడ మీది మ్యాపులో
శ్రీకాకుళం ఉంది, కాకినాడ ఉంది,
బంగాళాఖాతం బల్లంత ఉంది.
కన్నమ్మ టార్పాలిన్ లేదు.

"యారాడ కొండ సూడు" అంది,
"మరీ దగ్గరికొచ్చేసింది.
కొండ దగ్గరికొస్తే మంచిది గాదు."
చూశాను. నిజమే,
రోజూ పొగమంచులో నానే ఆ ముక్కు
చెట్టు చెట్టునా లెక్కపెట్టేంత తేటగా ఉంది.

"సాయంత్రందాకా ఏం రాదు" అన్నాను,
ఆఫీసు గొంతుతో.
"హుద్‌హుద్‌కి సరిగ్గానే చెప్పినారు మీరు" అంది,
"మా ఇంటి రేకులే ఇనుకోనేదు."
అంటూనే వంగి
నెత్తళ్లు గంపలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

ఆ రోజు జాలరిపేటలో చినుకు పడలేదు.
మధ్యాహ్నం ఎండ పేలాలు వేయించింది.
పన్నెండున్నరకి కరెంటు పోతే
తడిపిన తువ్వాలు ముఖాన వేసుకుని
గంపలో మెత్తబడుతున్న నెత్తళ్లనే తలుచుకున్నాను.

మర్నాడు నేనే ముందు అడిగాను, కోపమా అని.

"భీమిలీలో దంచేసిందంట" అంది.
"నీది తప్పు గాదు, నాది తప్పు గాదు.
ఇంకెవులో ఆరేసుకున్నారు, తడిసింది."

కాగితంలో గుప్పెడు నెత్తళ్లు చుట్టి
డబ్బులొద్దని నా సంచిలో పడేసింది.
ఇంటికెళ్లి తీయడం మర్చిపోయాను.

రాత్రి ఆఫీసంతా అదే వాసన.
కొత్తగా వచ్చిన అయ్యంగారబ్బాయి
కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి
"సముద్రం ఇవాళ ఎక్కువ కొడుతోంది కదండీ" అన్నాడు.
అవునన్నాను.

కీబోర్డు మీద చెయ్యి పెట్టి
ఒకటి
అని కొట్టాక కాసేపు ఆగిపోయాను.
ఎక్కడో ఒక గట్టు మీద
అప్పడాలో, ఒడియాలో, పిల్లాడి బొంతో.
రెండు.
చోట్ల.

ఉక్కపోత కొనసాగును.