ఇరవై డిగ్రీల దగ్గర

థురింగియా కొండల్లో జనవరి.
బయట మంచు, పక్క షెడ్డులో కొలిమి,
మధ్యలో మా కొలతల గది.
ఇక్కడ ఏడాది పొడుగునా ఒకటే రుతువు: ఇరవై డిగ్రీలు.
ఇర్మ్‌ట్రౌట్ ఆ రుతువులో ముప్పై ఎనిమిదేళ్లు కాపురమున్నది.

మొదటిరోజు ఫ్లాస్కు ఎత్తి కంటి ముందుకు తెచ్చుకున్నాను.
మణికట్టు పట్టుకుని మళ్లీ బల్ల మీద పెట్టించింది.
"నీళ్లు నీ దగ్గరికి రావు, పిల్లా.
నువ్వే దిగు."
మోకాళ్లు వంచాను.
పైనుంచి చూస్తే ఎక్కువ, కిందినుంచి చూస్తే తక్కువ;
మెడ చుట్టూ ఉన్న వలయం
ముందువైపూ వెనకవైపూ ఒకటై
ఒక్క సన్నని గీతగా మిగిలిన ఎత్తులో
నెలవంక కడుపు వచ్చి
దాని మీద ఆనింది.
అంచుల్లో నీళ్లు గాజును పట్టుకుని ఎగబాకుతాయి.
ఆ ఎగబాకినవాటిని నమ్మకూడదట.
మధ్యలో కుంగినదే నిజమట.

ఐదువందల మిల్లీలీటర్ల నీళ్లు తక్కెడలో ఐదువందలు తూగవు.
నాలుగువందల తొంభై ఎనిమిదిన్నర, ఆ పైన చిటికెడు.
మిగతాది ఏమైందని అడిగాను.
"కొంత వెచ్చదనం తిన్నది. కొంత గాలి మోస్తోంది.
దొంగతనం కాదులే, లెక్క ఉంది."

శుక్రవారం సాయంత్రం డీట్మార్ సారాకొట్టులో
బీరు గ్లాసు ముందు కూడా ఆమె మోకాళ్లు వంచుతుంది.
నురగ దిగేదాకా ఎవరితోనూ మాట్లాడదు.
గ్లాసు మీది గీతకు వెంట్రుకవాసి తక్కువైనా
ఏమీ అనదు, ఊరికే డీట్మార్ వైపు చూస్తుంది.
అతను వచ్చి పోస్తాడు.
ఊరంతా నవ్వుతుంది, ఆమె తప్ప.

పిపెట్టు నేర్పిన రోజు మాత్రం కోప్పడింది.
గొట్టం ఖాళీ అయ్యాక
కొసన ఒక బొట్టు వేలాడుతూ ఉండిపోయింది.
దాన్ని వదిలేయడానికి మనసొప్పక
బల్బు నొక్కి ఊదేశాను.
"ఊదకు!"
గది మొత్తం విన్నది.
తర్వాత గొంతు తగ్గించి చెప్పింది:
"గోడకు తాకించి, మూడు లెక్కపెట్టి, తీసెయ్.
ఉండిపోయిన ఆ బొట్టు మరిచిపోయింది కాదు.
గొట్టం చేసినవాడు ముందే దాన్ని పక్కన పెట్టి
మిగతాది లెక్క కట్టాడు."

ఆమె మొగుడు ఎకార్ట్ బతుకంతా ఊదినవాడు.
ఎర్రటి గాజుముద్దలోకి బుగ్గలు నింపి
లీటరు, అర లీటరు, పావు లీటరు.
అచ్చు మూసుకునే చప్పుడును బట్టే
చాలు అని తెలిసేదట అతనికి.
చివరి శీతాకాలం ఆస్పత్రిలో
ఒక ప్లాస్టిక్ గొట్టం నోటికందించి
ఊదమన్నారు.
తెర మీద అంకె: ఒకటి పాయింట్ మూడు లీటర్లు.
"పర్లేదు," అన్నాడట ఆయాసపడుతూ,
"రెండు పెద్దవీ, ఒక చిన్నదీ వస్తాయి ఇందులో."
ఇది చెప్పినప్పుడు ఇర్మ్‌ట్రౌట్ నవ్వింది.
నేను చూడగా అదొక్కసారే.

ఆమె బల్ల సొరుగులో గుడ్డ చుట్టిన ఫ్లాస్కు ఒకటుంది.
మెడ కొంచెం ఒరిగింది, అడుగున చిన్న బుడగ.
పరీక్షలో నెగ్గేది కాదు.
ఎకార్ట్ ఊదిన ఆఖరిది.
మెడ మీద గీత లేదు.

ఉద్యోగం వదిలే రోజు దాన్ని నా ముందు పెట్టి
"నా కళ్లిప్పుడు గీతల్ని రెండుగా చూస్తున్నాయి,
నువ్వు గీయి" అంది.

కడిగాను, ఆరబెట్టాను, ఖాళీది తూచాను.
నీళ్లు పోశాను, చివర్న బొట్టు బొట్టుగా.
తక్కెడ అంకె నెమ్మదిగా ఎక్కుతోంది.
వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది.
నా చెయ్యి వణికింది.
ఒక్క బొట్టు ఎక్కువ.

కాగితం ముక్కతో తాకిస్తే పోతుంది,
అందరూ చేసేదే.
కాగితం అందుకోబోయాను.
ఆమె ఏమీ అనలేదు.
ఊరికే నా వైపు చూసింది, డీట్మార్ వైపు చూసినట్టు.

నీళ్లు పారబోసి
ఫ్లాస్కును తలకిందులుగా ఆరబెట్టాను.
ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం.
కిటికీ బయట మంచు పడుతూనే ఉంది,
ఎంత పడిందో ఎవరూ చూడలేదు.