వార్చిన గంజి

పోరూరు ఆసుపత్రి నాలుగో అంతస్తులో
నా ఉద్యోగం, అన్నం పారేసి గంజి దాచడం.

నవ్వకండి, నిజంగానే.
పీకేసిన జ్ఞానదంతం లోపలి గుజ్జులోంచి
కణాలు తీసి, గులాబిరంగు నీళ్ళలో పెంచి,
రెండు రోజులు ఆకలికి మాడ్చి
ఆనక నీళ్ళు వార్చుకుంటాం.
కణాలు పసుప్పచ్చ సంచిలోకి,
నీళ్ళు మైనస్ ఎనభై ఫ్రీజర్లోకి.

అందులో ఏముందని అడిగితే
డాక్టర్ ఇళవరసి కాగితం మీద చుక్కలు పెడుతుంది.
చుక్కచుక్కకీ ఓ పొర.
కణం పక్క కణానికి పంపే చిన్న మూటలట.
ఇక్కడ విరిగింది, ఇటు రండి,
నెత్తురుకి దారి వెయ్యండి, సున్నం పట్రండి.
మూట కట్టిన చెయ్యి చచ్చిపోయినా
కబురు మాత్రం చేరుతుందట.

రెండు బస్సులు మారి కాశిమేడు చేరేసరికి
మా మేనమామ కటారి మస్తానయ్య
గోడకానుకుని స్ట్రాతో గంజి పీలుస్తున్నాడు.
పడవ మీద వించి తాడు తెగి
దవడ మీద కొట్టింది. రెండు చోట్ల విరిగింది.
పై పళ్ళకీ కింది పళ్ళకీ తీగ చుట్టి
ఆరు వారాలు నోటికి తాళం.
రేవులో వేలంపాట పాడే నోరది,
వంజరం ధర అందుకుంటే
ఐస్ ఫ్యాక్టరీ దాకా వినబడేది.
ఇప్పుడు మా పాప పలక మీద రాస్తాడు,
ఎక్కువగా అంకెలే.

అతక్కపోతే తుంటి ఎముక గీరి
దవడలో పెడతామన్నారు.
తుంటిమీద కొడితే మూతిపళ్ళు రాలడం విన్నాం గానీ
మూతి పగిలితే తుంటి కొయ్యడం
మా ఇంట్లో ఇదే మొదలు.

నిన్న పలక నా ముందు పెట్టాడు:
మీ నీళ్ళు?

ఏం చెప్పను.
మా నీళ్ళు ఇంకా కుందేళ్ళ దాకానే వచ్చాయి మామా.
పదహారు కుందేళ్ళు,
నడినెత్తిన చొక్కా గుండీ అంత చిల్లు.
సగానికి మా గంజి, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు.
పన్నెండో వారం స్కాన్ తీస్తే
గంజి పోసిన చోట కిటికీ దాదాపు మూసుకుంది.
అన్నిటికీ కాదు.
మూడో నంబరుకి ఎందుకో ఏమీ జరగలేదు.
నాలుగు నెలలుగా ఇళవరసికి
ఆ మూడో నంబరే.
మనుషుల దాకా రావాలంటే
ఎన్ని సంతకాలో, ఎన్నేళ్ళో.
నీ దవడ అంతకాలం ఆగదు.

స్కాన్ అయ్యాక కుందేళ్ళనేం చేస్తామో
అతనడగలేదు, నేను చెప్పలేదు.

చాలాసేపు పలక వంక చూసి
మోచేత్తో తుడిచి రాశాడు:
కుందేలు కిలో ఎంత?

తీగల వెనక నవ్వు ఇరుక్కుని
ముక్కులోంచి బయటికొచ్చింది.
నొప్పికి కళ్ళు నీళ్ళు తిరిగినా
మళ్ళీ నవ్వాడు, దవడ పట్టుకుని.

రాత్రి అన్నం వారుస్తుంటే
చెయ్యి ఆగిపోయింది.
దేన్ని ఉంచాలో, దేన్ని పారబొయ్యాలో
ఒక్క క్షణం తోచలేదు.
తర్వాత గ్లాసులోకి వంచి
ఉప్పు వేశాను.