వెతికిన దూరం

ఖుర్షీద్ సాబ్ గల్లపెట్టె పక్కన
మూడు అట్టపెట్టెలు పెట్టిండు.
ఒకదాంట్ల తూటాలకు మూతి దాకా రాగి తొడుగు.
ఒకదాంట్ల ముక్కంతా సీసమే,
గోటితో గీస్తే గీత పడుతది.
ఇంకోదాంట్ల తొడుగు మందం, కొసకు మాత్రం
బలపం మొనంత సీసం.
"ఏది కావాలె?" అంటడు.
నిరుడు ఈ మాట అడగనియ్యలే నేను.
నిగనిగలాడే రాగిది తీసుకొని బస్సెక్కిన.

నిరుడు, దేవరకొండ అవతల మక్కచేన్ల,
నలభై గజాల దూరం.
తగిలింది. తడిగోనె మీద దుడ్డుకర్ర ఏసిన సప్పుడు
నా చెవులతో విన్న.
పంది పడలే.
ఇటుపక్క చింతగింజంత బొక్క, అటుపక్క చింతగింజంత బొక్క,
నడుమ దాని బతుకు అట్లనే ఉరికింది.

కాట్రాజు ఈదన్న మూడు దినాలు జాడ పట్టిండు.
కంది కొయ్యలు, పరికి కంప, ఎండిన వాగు,
ఒక ఆకు మీద ఆవగింజంత నెత్తురు,
ఇంకో ఆకు కోసం అరపూట.
మూడోనాడు పొద్దుగూకంగ తుంగల దొరికింది.
ఊపిరి ఉన్నది.
ఈగలు మాకన్న ముందే వచ్చినయ్.
రెండో తూటా సంగతి చెప్ప.
ఈదన్న చేతులు కడుక్కుంట అన్నడు:
"సారూ, నీ గుండు దాని ఇంట్లకు పోయింది గని కూసోలే.
ఈ తలుపుల నుంచి ఆ తలుపులకు ఎల్లిపోయింది."

"మూడిట్లకెల్లి రెండేసి ఇయ్యి" అన్న ఖుర్షీద్ సాబ్‌తోని.
రెండేసి అమ్మనన్నడు. మూడు పెట్టెలూ కొన్న.
పాత పేపర్లు పదిహేను కిలోలు కొన్న.
రాత్రంతా తొట్టిల నానబెట్టి
మూతబడ్డ కంకర క్వారీల పేర్చిన,
ముందట టైరు ముక్క కట్టిన,
ముదురు మగపంది భుజం మీద పేరుకునే
గట్టి పట్టాకు బదులు.

రాగిది అన్నీ చీల్చుకొని రాతిగోడకు తాకింది. తెలిసిన ముచ్చటే.
మెత్తది టైరుకాడనే చెదిరింది,
కోపం ఎక్కువైనోని మాట లెక్క, గడప దాటకముందే ముక్కలు.
మూడోదాని కోసం
మోచేతుల దాకా ముంచి పొరలు పొరలు ఒలిచిన:
పెండ్లి ప్రకటనలు, పత్తి ధరలు,
శ్రద్ధాంజలి ఫొటోలల్ల ఎవరో మీసాలాయన.
జానెడు లోతు దాటినంక దొరికింది,
పత్తికాయ పగిలినట్టు నాలుగు రెక్కలు విచ్చి,
ఇంకా గోరువెచ్చగ.

కంసాలి విరూపాక్షయ్య తన త్రాసుల ఏసి చూసిండు.
పోయేటప్పుడు పదహారు గ్రాములు,
తిరిగొచ్చినంక పదమూడున్నర.
"తరుగు ఇంతేనా" అన్నడు,
ఎందుకు తూచిస్తున్ననో మాత్రం అడగలే.

పంచాయతి కాగితం మీద ముద్ర పడేసరికి
రమావత్ చాందీబాయి పల్లికాయ చేను
సగం దున్నినట్టే ఉన్నది.
"ఆ పందికి లోన్ లేదు సారూ, నాకున్నది" అన్నది.
చందంపేట దిక్కు గుట్టల మీద నెల వంకరగ.
మంచె మీద నేను, కింద ఈదన్న,
ఆయన సంచిల మూడు దినాలకు సరిపడ జొన్నరొట్టెలు.
నన్ను నమ్మలే. తప్పు లేదు.

అది వచ్చింది. తల దించి తవ్వింది.
పక్కకు తిరిగేదాకా ఆగిన,
ముంగాలి వెనక, కిందికి మూడో వంతుల.
ఒక్కటే.
కాళ్లు మడిచి ఉన్నకాడనే కూలింది,
కూసున్నట్టు.
దగ్గరకు పోయి లైటు ఏస్తే నోట్ల పల్లికాయ,
పొట్టు ఇంకా పగల్లేదు.

కిరసనాయిల్ పోసి పూడ్సాలె, రూలు.
గుంత తవ్వుతున్నంతసేపు ఈదన్న దూరంగ నిలబడ్డడు.
మాంసం మట్టిపాలు చేసుడు
వాళ్ల అయ్య చూసినా ఊకోకపోవు.

రిజిస్టర్‌ల రాసిన:
ఇచ్చినవి ఐదు, కాల్చినది ఒకటి, మిగిలినవి నాలుగు.
ఎంత దూరం వెతికినమో రాయనీకి గడి లేదు.
లేచి చూస్తే
ఈదన్న రొట్టెల సంచి ఇప్పి
చాందీబాయికి ఒకటి, నాకు ఒకటి ఇచ్చి
గుంత దిక్కు వీపు పెట్టి తింటున్నడు.